ఏడు సంస్థల ఉమ్మడి రీసెర్చ్ గ్రాంటు నా నెత్తిన పడింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

నాగావళి_ఒడ్డు · ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఇన్నాళ్లూ నేను రాసినవన్నీ చిన్న ప్రాజెక్టులే. నేనూ, ఒక పీజీ విద్యార్థీ, కొంచెం డబ్బు, అంతే.

ఇప్పుడు ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఒక పెద్ద దరఖాస్తు తయారవుతోంది. ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఒక ల్యాబ్, విశాఖలో ఒక ఆసుపత్రి, ఒడిశా నుంచి ఒక సంస్థ, మన జిల్లాలో రెండు కాలేజీలు, సోంపేట వైపు పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ. మొత్తం ఏడు. డబ్బు ఇచ్చేది ఇంగ్లండ్ ఫండర్. గడువు అయిదు వారాల మూడు రోజులు.

మొన్న జూమ్ మీటింగ్‌లో "ఇండియా వైపు కోఆర్డినేషన్ శ్రీకాకుళం టీమ్ చూసుకుంటుంది" అని ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు. శ్రీకాకుళం టీమ్ అంటే నేనే అని నాకు మీటింగ్ అయ్యాక అర్థమైంది. పద్నాలుగు మంది ఉన్న వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్న లేస్తే అరవై మెసేజీలు, అందులో సగం దండాలు, గుడ్ మార్నింగులు. షేర్డ్ డాక్యుమెంట్లు మూడున్నాయి, మూడింటి పేరూ "ఫైనల్".

ఎవరు ఏది రాయాలి, బడ్జెట్ ఎవరు కట్టాలి, ముందు ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గంటస్తంభం · ఆదివారం, రాత్రి 10:31

మేడమ్, మూడే కదా. నేను విజయనగరంలో రీసెర్చ్ ఫెలోగా చేరిన కొత్తలో "ఫైనల్ ఫైనల్ సార్ చూసింది" అనే ఫైలు మీద పదకొండు రోజులు పనిచేశాను. ఆ సార్ చూసింది వేరే ఫైలు.

ఈ రాత్రే ఆ మూడింట్లో రెండింటిని చూడ్డానికి మాత్రమే పనికొచ్చేలా లాక్ చేసేయండి. మిగతాది రేపు మాట్లాడదాం.

బొబ్బిలి_వీణ · సోమవారం, ఉదయం 6:05

అమ్మా, ఇలాంటివి నాలుగు నడిపాను. రెండు వచ్చాయి, రెండు పోయాయి. పోయినవాటి గురించే చెబుతాను, వాటివల్లే నాకు బుద్ధి వచ్చింది.

మొదటిది గర్భిణుల రక్తహీనత మీద. తొమ్మిది మందిమి తలా ఒక భాగం పంచుకున్నాం. న్యాయంగా పంచుకున్నామని మురిసిపోయాం కూడా. చివర్లో అన్నీ కలిపి కుట్టి పంపాం. రివ్యూయర్ రాసిన మొదటి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: ఇది ఒక ప్రాజెక్టు కాదు, ఒకే అట్ట వేసిన అయిదు ప్రాజెక్టులు అని. నిజమే. ఒక భాగంలో వెయ్యి మంది అని ఉంది, ఇంకో భాగంలో పన్నెండు వందలు. ఒకరు "మహిళలు" అన్నారు, ఒకరు "లబ్ధిదారులు" అన్నారు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు పెద్దలు.

కలం ఒకరి చేతిలోనే ఉండాలి. మిగతావాళ్లు ముడిసరుకు ఇస్తారు. బుల్లెట్లు, అంకెలు, టేబుళ్లు ఏవైనా పంపనీయండి, వాక్యం మాత్రం ఒక్కరే రాయాలి. ఆ ఒక్కరూ అందరికంటే పెద్ద ప్రొఫెసర్ కానక్కర్లేదు, తీరిక ఉన్నవాళ్లయితే చాలు.

అంతకంటే ముందు ఇంకో పని. రెండు పేజీల కాన్సెప్ట్ నోట్ రాయండి. అందులో పరిశోధన ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి. ఏడు సంస్థలవాళ్లూ ఆ వాక్యానికి సరే అనేదాకా మిగతా దరఖాస్తు ముట్టుకోకండి. ఆ వాక్యం ఇక్కడ పెట్టండి, చూద్దాం.

నాగావళి_ఒడ్డు · సోమవారం, రాత్రి 9:48

సార్, ఇదిగో. ఇప్పటికి ఉన్నది ఇది:

"ఉద్దానం ప్రాంతంలో కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి తాగునీటిలోని సిలికా, ఫ్లోరైడ్, భార లోహాలు, పురుగుమందులు, ఎండ తాకిడి, శరీరంలో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, జన్యు కారణాలు, పోషకాహార లోపం ఏ మేరకు కారణమో తెలుసుకుని, తగిన నివారణ చర్యలు రూపొందించి, అమలు చేసి, ఫలితాలను అంచనా వేయడం."

మీరు అడగకముందే ఒప్పుకుంటున్నాను. ఇది వాక్యం కాదు, కిరాణా చిట్టా. కానీ ఏది తీసేసినా ఏదో ఒక సంస్థ అలుగుతుంది.

పొందూరు_నూలు · సోమవారం, రాత్రి 11:20

నేను స్టాటిస్టిక్స్ మనిషిని, ఊరు పొందూరు, ఉద్యోగం హైదరాబాద్. ఈ వాక్యం చదివితే నాకు శాంపుల్ సైజు లెక్క కట్టడానికి చేతులు రావట్లేదు. తొమ్మిది కారణాలు ఒకేసారి తేల్చాలంటే సగం జిల్లా రక్తం కావాలి.

కొన్ని విషయాలు చెబుతాను, ఏరుకోండి.

ఉద్దానంలో ఎంత శాతానికి జబ్బు ఉందో కొలిచే సర్వేలు ఇప్పటికే జరిగాయి, పేపర్లూ వచ్చాయి. ఇంకోసారి "ఎంతమందికి ఉంది" అని అడిగితే రివ్యూయర్ ఆవలిస్తాడు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడివాళ్లు ఒకసారి కొలవడం దాటి, ఇంకా జబ్బు రాని మనుషుల్ని ఏళ్ల తరబడి వెంబడించి కిడ్నీ పనితనం ఎప్పుడు, ఎవరిలో పడిపోతోందో చూస్తున్నారు. మీకూ దారి అదే అనిపిస్తోంది.

రెండోది. కిడ్నీ వ్యాధి దీర్ఘకాలికమని చెప్పాలంటే మార్పు మూడు నెలలకు పైగా ఉండాలి. అంటే రక్తంలో కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ ఒకసారి ఎక్కువ వచ్చిన ప్రతి మనిషి ఇంటికీ మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లాలి. మీ బడ్జెట్‌లో ఒక విజిటే రాసి ఉంటారని పందెం కాస్తాను. అందరూ చేసే తప్పే అది.

మూడోది నీళ్లు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం వచ్చాక చాలా ఊళ్లలో తాగే నీరే మారింది. ఇప్పుడు బోరు నీళ్లు పరీక్ష చేస్తే పదేళ్ల కిందట ఆ మనిషి తాగిన నీళ్లు తెలియవు. కొందరు దీన్ని చిక్కు అంటారు, నాకు మాత్రం అవకాశంలా కనిపిస్తోంది. కుళాయి నీళ్లు ముందుగా వచ్చిన ఊళ్లు, ఆలస్యంగా వచ్చిన ఊళ్లు, వచ్చినా బోరు మానని ఇళ్లు, వీటిని పోల్చొచ్చు. ఇంత మంచి పోలిక మళ్లీ దొరకదు.

ఎండా నీళ్లూ ఉంచండి. జన్యువులు హైదరాబాద్ ల్యాబుకి శాంపుల్ భద్రపరిచే పనిగా ఇవ్వండి, తర్వాతి గ్రాంటుకి పనికొస్తుంది. మిగతావి ప్రశ్నావళిలో నాలుగు ప్రశ్నలు చాలు.

కవిటి_కొబ్బరి · మంగళవారం, మధ్యాహ్నం 1:40

డాక్టరమ్మగారికి నమస్కారం. నాది కవిటి మండలం. రెండు ప్రాజెక్టుల్లో ఫీల్డు సూపర్‌వైజరుగా చేశాను. సైన్సు నాకు తెలీదు, రక్తం తీయించడం తెలుసు.

మా ఊళ్లో ఇప్పుడు ఎవరైనా బ్యాగు తగిలించుకుని వస్తే ముసలమ్మలు అడిగే మొదటి మాట "ఏటి బాబూ, మళ్లీ రగతానికా?" ఇరవై ఏళ్లకు పైగా వస్తూనే ఉన్నారు. రక్తం తీసుకున్నారు, మూత్రం తీసుకున్నారు, నూతి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. రిపోర్టు మటుకు రాలేదు. ఒక ఇంట్లో అయితే తండ్రికి తీసుకెళ్లారు, ఆయన పోయాడు, తర్వాత కొడుక్కి తీసుకెళ్లారు. ఆ ఇల్లాలు నా మొహం మీద తలుపేసింది. తప్పు ఆవిడది కాదు.

మీ దరఖాస్తులో రిపోర్టు ఇంటికి తీసుకెళ్లి తెలుగులో చెప్పే ఖర్చు ఉందా? జబ్బు బయటపడితే ఏ ఆసుపత్రికి, ఎవరు తీసుకెళ్తారో ఉందా? జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే ఆడవాళ్లు మీ క్యాంపుకి వస్తే ఆ రోజు కూలి పోతుంది, అది ఉందా? ఇవి లేకపోతే మీకు కోట్లు వచ్చినా తలుపు తెరవరు.

ఇంకోటి. ఏళ్ల తరబడి వెంబడిస్తాం అంటున్నారు. మా మగాళ్లు సగం మంది ఊళ్లో ఉండరు. చెన్నై, ముంబై, గుజరాత్ రేవులు, ఎక్కడ పని ఉంటే అక్కడ. సంక్రాంతికీ అమ్మవారి సంబరానికీ వస్తారు. క్యాంపు అప్పుడు పెట్టుకోండి. ఆగస్టులో వచ్చి "పురుషులు అందుబాటులో లేరు" అని రాసుకుపోతే మేమేం చెయ్యాలి?

నాగావళి_ఒడ్డు · మంగళవారం, రాత్రి 8:15

అన్నా, మీరు అడిగిన మూడింట్లో ఒక్కటి కూడా లేదు. సిగ్గుగా ఉంది. ఈ పోస్టు యథాతథంగా ఇంగ్లండ్ వాళ్లకి వినిపించొచ్చా? పేరు చెప్పను.

కవిటి_కొబ్బరి · మంగళవారం, రాత్రి 8:22

చెప్పండమ్మా. తలుపేసిన సంగతి కూడా చెప్పండి.

రాజాం_టు_లీడ్స్ · బుధవారం, రాత్రి 1:30

ఇక్కడ ఇంకా రాత్రి తొమ్మిదే, అందుకే ఈ టైమ్‌లో. నేను ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. దరఖాస్తులు వెళ్లేది మా చేతుల మీదుగానే.

కవిటి అన్న చెప్పినది ఏదో మానవత్వం కోసం చివర్లో అతికించే పేరా అనుకోకండి. ఎన్‌ఐహెచ్‌ఆర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన నిధుల సంస్థ) లాంటి ఫండర్లు ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేకంగా ప్రణాళిక అడుగుతాయి, డబ్బు కేటాయించమంటాయి. ప్యానెల్లో ఆ భాగాన్నే చదివేవాళ్లు ఉంటారు. "గ్రామ పెద్దలతో సమావేశాలు నిర్వహిస్తాం" అనే వాక్యాన్ని వాళ్లు వందసార్లు చూసి ఉంటారు. రిపోర్టు మూడు వారాల్లో ఇంటికి చేరుతుంది, క్యాంపు సంక్రాంతి వారంలో పెడతాం, కూలి నష్టం ఇస్తాం అని రాస్తే ఆ ఊరు తెలిసినవాళ్లు రాశారని ఇట్టే తెలిసిపోతుంది. కూలి నష్టం ఎంతన్నది మాత్రం ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, డబ్బు ఆశకి రక్తం ఇచ్చేటంత ఉండకూడదు.

బొబ్బిలి సార్‌తో ఒక్క విషయంలో విభేదిస్తాను. తీరిక ఉన్నవాళ్ల చేతికి కలం ఇవ్వమన్నారు. ఇలాంటి వాటిలో తీరిక ఎప్పుడూ ఇంగ్లండ్ వైపే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ అందుకోసమే జీతం తీసుకునే మనుషులున్నారు. కలం ఇటు వచ్చిందంటే ప్రశ్న కూడా ఇటే వస్తుంది. ఇండియా టీమ్ "డేటా కలెక్షన్ సైట్" అయిపోతుంది. మేడమ్, మీ ఫండర్ నియమాల్లో జాయింట్ లీడ్, అంటే ఇద్దరు కలిసి నాయకత్వం వహించే వీలు, ఉందేమో చూడండి. ఉంటే ఇండియా నుంచి ఒకరి పేరు మొదటి పేజీలో ఉండాలని ఇప్పుడే అడగండి. నాలుగో వారంలో అడిగితే పేచీ అవుతుంది.

బొబ్బిలి_వీణ · బుధవారం, ఉదయం 5:50

ఒప్పుకున్నాను బాబూ. నా కాలంలో ఉత్తరాల మీద అశోకస్తంభం బొమ్మ ఉన్న ఫండర్లే, ఈ తేడా నాకు అంతగా తగల్లేదు. సవరించుకుంటున్నాను: కలం ఊరికి దగ్గరున్నవాళ్ల దగ్గర ఉండాలి, ఇంగ్లిషు దిద్దే పని తీరిక ఉన్నవాళ్లు చేయాలి.

అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలు. ఎవరు లీడ్, పేపర్లలో పేర్లు ఎలా, శాంపుళ్లు ఎవరివి, డేటా ఎక్కడ ఉంటుంది. ఒక పేజీ రాసి అందరి చేతా ఈ వారమే ఊ అనిపించండి.

పద్దుల_పంతులు · బుధవారం, రాత్రి 9:05

అందరూ సైన్సు మాట్లాడారు. డబ్బు ఎలా వస్తుందో ఎవరూ అడగలేదు. ఇరవై రెండేళ్లుగా గ్రాంటుల లెక్కలే చూస్తున్నా, ఊరు ఆమదాలవలస.

మేడమ్, మీ మనసులో ప్లాన్ ఇదీ: ఇంగ్లండ్ డబ్బు ఒక ఇండియా సంస్థకి వస్తుంది, అక్కడి నుంచి మిగతా అయిదింటికి పంచుతారు. అది కుదరదు. విదేశీ విరాళాలని నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని 2020లో సవరించాక విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. ఆ రెండో సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. కాబట్టి ఇంగ్లండ్ యూనివర్సిటీ ఒక్కో సంస్థతో విడివిడిగా ఒప్పందం చేసుకోవాలి. ఆరు ఒప్పందాలు, ఆరు రిపోర్టులు. అది వాళ్ల కాంట్రాక్ట్స్ ఆఫీసుకి ఇప్పుడే చెప్పకపోతే గ్రాంటు వచ్చాక ఏడాది అందులోనే పోతుంది.

ప్రతి సంస్థనీ మూడు ప్రశ్నలు అడగండి. ఎఫ్‌సీఆర్‌ఏ ఉందా, లేక చట్టం ద్వారా ఏర్పడి కాగ్ ఆడిట్ కింద ఉండటం వల్ల మినహాయింపు ఉందా? రిజిస్ట్రేషన్ అయిదేళ్లకే, ఎప్పటితో ముగుస్తోంది? ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా తెరిచారా? "ఉందండీ" అంటే సరిపోదు, కాగితం కాపీ తెప్పించుకోండి. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో "ఉందండీ" అన్న సంస్థది గడువు దాటి ఎనిమిది నెలలైంది. గ్రాంటు వచ్చింది, ఆ సంస్థ వాటా మాత్రం మళ్లీ ఇంగ్లండ్‌కే పోయింది.

పాలనా ఖర్చులకి విదేశీ విరాళంలో 20 శాతం దాటకూడదు, 2020కి ముందు 50 ఉండేది. జీతాల్లో ఏది పాలన, ఏది పరిశోధన అన్నది మీ ఆడిటర్‌తో కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి.

దీని పైన ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ, హెచ్‌ఎంఎస్‌సీ. విదేశీ భాగస్వామ్యం ఉన్న ఆరోగ్య పరిశోధనకి ఐసీఎంఆర్ ద్వారా ఆ అనుమతి కావాలి. నెలలు పడుతుంది. మీ గాంట్ చార్టులో (ఏ నెలలో ఏ పనో చూపే పట్టికలో) మొదటి నెలలోనే ఫీల్డ్‌వర్క్ మొదలైతే ఇండియాలో పనిచేసిన రివ్యూయర్ నవ్వుకుంటాడు. తొలి ఆరు నెలలు అనుమతులకీ, నియామకాలకీ, తెలుగు ప్రశ్నావళి సరిచూడ్డానికీ వదిలేయండి.

నాగావళి_ఒడ్డు · గురువారం, రాత్రి 10:40

పంతులుగారూ, ఈ రోజే అడిగాను. అయిదు సంస్థలు కాగితాలు పంపాయి. స్వచ్ఛంద సంస్థది రెన్యువల్ పెండింగ్‌లో ఉందట. వాళ్లు లేకుండా సోంపేట వైపు మాకు అడుగు పడదు. "సర్వీస్ కాంట్రాక్టు అని రాసేస్తే పోతుంది కదా" అని ఒకాయన సలహా ఇచ్చారు.

పద్దుల_పంతులు · గురువారం, రాత్రి 11:02

నిజంగా సేవ అమ్మేవాళ్లకి, బిల్లు, జీఎస్టీ, మార్కెట్ ధర ఉన్నవాళ్లకి అది చెల్లుతుంది. చట్టమే వ్యాపార రీత్యా ఇచ్చిన సేవకి ఫీజుని విరాళం కాదంది. కానీ విరాళానికి బిల్లు చొక్కా తొడిగితే అది ఆడిట్‌లో బయటపడుతుంది, అప్పుడు మీ కాలేజీ కూడా మునుగుతుంది. ఆయన సలహా ఆయన దగ్గరే ఉంచమనండి.

రెన్యువల్ రాకపోతే ఏం చేస్తారో దరఖాస్తులోనే రాయండి. ఫీల్డు సిబ్బందిని మీ కాలేజీయే నేరుగా నియమించుకుంటుంది, ఆ సంస్థ సలహా సంఘంలో ఉంటుంది అని. రిస్క్ రిజిస్టర్ అని ఒక పేజీ అడుగుతారు కదా, దాన్ని అందరూ వర్షాలు, కోవిడ్ అని నింపుతారు. అసలు రిస్కు రాస్తే నమ్మకం పెరుగుతుంది.

గంటస్తంభం · శుక్రవారం, ఉదయం 10:15

సంతకాల సంగతి నేను చెప్పాలి, ఆ రంగంలో నేనే నిపుణుణ్ణి.

ఒకసారి మా సపోర్ట్ లెటర్ మీద అధికారి సంతకం కావాలి. గడువు బుధవారం. సోమవారం ఆయన సెలవు, మంగళవారం పెట్టుకుందాం అనుకున్నాం. ఆ మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఊరంతా జనం, రోడ్లన్నీ మూసేశారు, ఆఫీసు సెలవు. నేను ఫైలు చంకలో పెట్టుకుని కోట దగ్గర జనంలో ఇరుక్కుపోయాను. సిరిమాను మటుకు బాగా కనిపించింది. సంతకం ఆ రాత్రి తొమ్మిదికి ఆయన ఇంటి గుమ్మంలో అయింది, అమ్మవారి ప్రసాదం కూడా పెట్టారు.

కాబట్టి మేడమ్, లెటర్లు మొదటి వారంలోనే అడగండి. "లెటర్ ఇవ్వండి" అనకండి, డ్రాఫ్టు మీరే రాసి పంపండి. కానీ ఏడూ ఒకేలా ఉండకూడదు. ఎవరు ఎంతమంది సిబ్బందిని, ఏ గదిని, ఎన్ని గంటల్ని ఇస్తున్నారో ఒక్కో దాంట్లో ఉండాలి. దసరాకి సంతకం చేసే అధికారి ఊళ్లో ఉంటారో లేదో ఆయన్ని అడగొద్దు, డ్రైవర్‌ని అడగండి.

అందరికీ అసలు గడువు కంటే పది రోజుల ముందు తేదీ చెప్పండి. అబద్ధమే, పని జరుగుతుంది.

బొబ్బిలి_వీణ · శుక్రవారం, మధ్యాహ్నం 12:20

అబద్ధం వద్దు నాయనా. ఫండర్ వెబ్‌సైట్‌లో తేదీ ఎవరైనా చూడగలరు. ఒకసారి దొరికిపోతే తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మరు. "ఫండర్ గడువు ఇది, మన గడువు అది, మధ్యలో పది రోజులు ఇందుకు" అని చెప్పండి.

గంటస్తంభం · శుక్రవారం, మధ్యాహ్నం 12:26

మీ కొలీగ్స్ వేరే గ్రహం వాళ్లు సార్.

నాగావళి_ఒడ్డు · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:30

అప్‌డేట్ ఇస్తానన్నాను, ఆలస్యమైంది.

ప్రశ్న ఒక్క వాక్యానికి వచ్చింది: ఇప్పటికి ఆరోగ్యంగా ఉన్న పనిచేసే వయసువాళ్లలో కిడ్నీ పనితనం తగ్గే వేగానికి ఎండలో చేసే పనికీ, తాగునీటి మార్పుకీ ఎంత సంబంధం ఉంది? ఇది ఒప్పించడానికి నాలుగు మీటింగులు పట్టాయి. పురుగుమందుల మీద పనిచేసే ప్రొఫెసర్‌గారు అలిగి రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. చివరికి పొందూరు అన్న చెప్పిన మాటే చెప్పాను: శాంపుల్ భద్రంగా ఉంటుంది, తర్వాతి గ్రాంటుకి మీరే లీడ్. అప్పుడు దిగొచ్చారు.

జాయింట్ లీడ్ అడిగాం. ఇంగ్లండ్ వాళ్లు వెంటనే సరే అన్నారు. మనమే అడగలేదంతే.

అసలు గొడవ బడ్జెట్ దగ్గర. ఎవరి టేబుల్ వాళ్లు పంపారు. కలిపితే ఉన్న పరిమితికి దాదాపు రెట్టింపు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ మూడు సంస్థలు అడిగాయి. ఫీల్డు సిబ్బంది జీతం ఒక్కో చోట ఒక్కో రకం. ఒకే పనికి విశాఖలో ఒక అంకె, సోంపేటలో అందులో సగం. కవిటి అన్న దీన్ని చూస్తే ఏమంటారో అని ముందే సరిచేశాను, అందరికీ ఒకటే.

రెండో విజిట్ ఖర్చు నిజంగానే లేదు. పందెం మీరే గెలిచారు. దాన్ని పెట్టగానే ఇంకోటి బయటపడింది. ఇచ్ఛాపురం నుంచి విశాఖకి రెండొందల కిలోమీటర్లకు పైనే. పొద్దున్న తీసిన రక్తం, సీరం వేరు చేయకుండా అంత దూరం ఎండలో పోకూడదు. క్యాంపు దగ్గరే దాన్ని వేరు చేసే సెంట్రిఫ్యూజ్, ఐస్ బాక్సు, ఒక బండి కావాలి. అందుకని ఫ్రీజర్లు మూడు కాదు, ఒకటే, అదీ జెనరేటర్‌తో, పలాస వైపు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో అక్కడే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు. జెనరేటర్ ఎందుకని అడిగిన హైదరాబాద్ వాళ్లకి అప్పటి కొబ్బరి తోటల ఫొటో పంపాను. ఇంకేం అడగలేదు.

పొందూరు_నూలు · ఆదివారం, రాత్రి 10:10

పందెం డబ్బు వద్దు, పలాస జీడిపప్పు పంపండి.

మధ్యలో తప్పిపోయేవాళ్ల లెక్క ఎంత వేశారు? పది శాతం అని రాస్తే నేను ఒప్పుకోను. వలస ఉన్న చోట అంతకంటే ఎక్కువ పోతారు. ఎక్కువ వేసి, ఫోన్‌లో పలకరించే మనిషికి జీతం పెట్టి, సంక్రాంతి క్యాంపు గురించి రాయండి.

నాగావళి_ఒడ్డు · ఆదివారం, రాత్రి 10:18

పదే వేశాం. మారుస్తున్నాను.

రాజాం_టు_లీడ్స్ · సోమవారం, రాత్రి 2:05

మేడమ్, గడువు ఇంగ్లండ్ టైమ్ మధ్యాహ్నం ఒంటిగంట అన్నారు. అది మీ టైమ్‌లో ఎంతని లెక్క వేశారు? సాయంత్రం 5:30 అయితే అది ఎండాకాలం లెక్క. అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మీ గడువు ఆ తర్వాతే కాబట్టి మీకు 6:30. ఈసారి గంట కలిసొచ్చింది. మార్చిలో అయితే ఇదే గంట పోతుంది. ఒక టీమ్‌కి అలా పోగా చూశాను. పోర్టల్ సరిగ్గా ఒంటిగంటకి మూసుకుంది, ఫోన్ చేసి ఏడ్చినా తెరవరు.

ఇంకో మాట. ఏఐతో రాయించిన పేరాలు ఎవరైనా పంపారేమో చూసుకోండి. వాడితే చెప్పాలని చాలా ఫండర్లు నియమం పెట్టాయి. పైగా మిగతావాళ్ల దరఖాస్తు ముసాయిదాని అందులో పెట్టడం వాళ్ల రహస్యాన్ని బయటపెట్టడమే.

గంటస్తంభం · సోమవారం, ఉదయం 9:00

మా దాంట్లో ఒకరు పంపిన పేరా ఇలా మొదలైంది: "తప్పకుండా! మీరు కోరిన పేరా ఇదిగో." తీయడం మర్చిపోయారు పాపం.

కవిటి_కొబ్బరి · సోమవారం, రాత్రి 8:30

డాక్టరమ్మగారు నిన్న మా ఊరు వచ్చారు. ఆవిడ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. పెద్ద మీటింగు ఏం కాదు, రామాలయం అరుగు మీద ఓ ఇరవై మంది. ఆడవాళ్లే ఎక్కువ. రక్తం తీసే మాట ఎత్తలేదు. "మీకు ఏం తెలుసుకోవాలనుంది" అని అడిగారు.

మా వాళ్లు అడిగినవి ఇవి. పైపు నీళ్లు తాగితే పిల్లలకి రాదా? డయాలసిస్ ఎక్కకముందే తెలిసే దారి ఉందా? రిపోర్టులో క్రియాటినిన్ 1.4 అంటే భయపడాలా, లేదా? పెళ్లి సంబంధాలు ఉద్దానం అంటే వెనక్కి పోతున్నాయి, మీ కాగితంలో ఊరి పేర్లు వేస్తారా? ఆ చివరి ప్రశ్నకి ఆవిడ దగ్గర వెంటనే జవాబు లేదు. రాసుకున్నారు.

నాగావళి_ఒడ్డు · సోమవారం, రాత్రి 9:12

ఇప్పుడుంది. ఊళ్లకి పేర్లు వేయం, కోడ్లు ఇస్తాం, పేపర్లలో మండలం వరకే. ఆదినిష్ఠూరం పేజీలో ఇది కూడా చేర్చాం. ఒకరు "మ్యాపు బాగుంటుంది కదా" అన్నారు. సోంపేట అమ్మాయి, స్వచ్ఛంద సంస్థ తరఫున, "మ్యాపు మీకు బాగుంటుంది" అంది. అక్కడితో అయిపోయింది.

నాగావళి_ఒడ్డు · తొమ్మిది రోజుల తర్వాత, బుధవారం, రాత్రి 11:50

పంపేశాం. అసలు గడువుకి ఇరవై ఎనిమిది గంటల ముందు.

అంత సాఫీగా ఏం జరగలేదు. పది రోజుల వెసులుబాటులో ఏడు రోజులు ఒకే సంస్థ తినేసింది, లెటర్‌హెడ్ పాతదట. ప్రధాన భాగం పేజీల పరిమితి ఆరు లైన్లు దాటింది, పోర్టల్ పీడీఎఫ్‌ని తిప్పికొట్టింది. ఫాంటు తగ్గిద్దామన్నారు, నియమాల్లో ఫాంటు సైజు కూడా రాసి ఉంది. ఆరు లైన్లు ఎక్కడ తీయాలి? ఒకాయన కూలి నష్టం పేరా కుదించమన్నారు. నేను ఇంగ్లండ్ యూనివర్సిటీ చరిత్ర పేరా తీసేశాను. వాళ్లే నవ్వుకుని సరే అన్నారు.

బడ్జెట్ షీట్‌లో చివరి రాత్రి ఒక తప్పు దొరికింది. రూపాయల్ని పౌండ్లలోకి మార్చిన రేటు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. పంతులుగారు రాత్రి పన్నెండున్నరకి ఫోన్‌లో ఒక్కో గడీ చదివించుకుని సరిచేయించారు. ఆయనకి గ్రాంటులో పైసా లేదు.

ఫలితం వచ్చేదాకా నెలలు పడుతుంది. ఈలోగా ఆ ప్రశ్నావళిని కాలేజీ నిధులతోనే రెండు ఊళ్లలో పరీక్షిస్తున్నాం. గ్రాంటు రాకపోయినా అది మిగులుతుంది.

బొబ్బిలి_వీణ · గురువారం, ఉదయం 5:45

ఇరవై ఎనిమిది గంటలా! నా రికార్డు నలభై నిమిషాలు. ఇక పడుకోండమ్మా.

పద్దుల_పంతులు · గురువారం, ఉదయం 7:30

పంపిన ప్రతి ఫైలూ, పోర్టల్ ఇచ్చిన రసీదూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ప్రింటు తీసి ఫైలు కట్టండి. గ్రాంటు వచ్చాక మొదటి ఆడిట్ ప్రశ్న "దరఖాస్తులో ఏమన్నారు" అనే.

కవిటి_కొబ్బరి · గురువారం, మధ్యాహ్నం 2:10

ఆ రెండు ఊళ్లలో మాదొకటా అమ్మా? అయితే శనివారం వద్దు, సంత. ఆదివారం పొద్దున్న ఏడింటికి రండి.

కొత్త_సభ్యుడు_పార్వతీపురం · గురువారం, సాయంత్రం 6:44

అందరికీ నమస్కారం, థ్రెడ్ మొత్తం ఇప్పుడే చదివాను. మాది సికిల్ సెల్ రక్తజబ్బు మీద, నాలుగు సంస్థలు, మూడు వారాలు. ఎఫ్‌సీఆర్‌ఏ ప్రశ్నల కాగితం, ఆ ఆదినిష్ఠూరం పేజీ ఖాళీ ఫార్మాట్లు ఎవరైనా పెట్టగలరా?

నాగావళి_ఒడ్డు · గురువారం, రాత్రి 9:20

పెడతాను తమ్ముడూ. ముందు మీ ప్రశ్న ఒక్క వాక్యంలో ఇక్కడ రాయండి.